ఎద్దు ఎండకు, దున్న నీడకు

మా ఇంట్లో నీళ్లతో చల్లబడే కంప్యూటర్ ఉందంటే మా తరగతి పిల్లలు మొదట నమ్మలేదు. తెలుగు మాస్టారికి అలాంటి కంప్యూటర్ ఎందుకని వాళ్ల అనుమానం. నిజానికి అది మా తమ్ముడిది. హైదరాబాద్‌లో యానిమేషన్ పని చేసే రోజుల్లో విడిభాగాలు ఒక్కొక్కటే కొని, ముచ్చటగా తనే బిగించుకున్నాడు. 2021లో ఉద్యోగం కోసం విదేశానికి వెళ్తూ, "అమ్మితే సగం ధర కూడా రాదు అన్నయ్యా, నువ్వే వాడుకో" అని నాకు అప్పగించాడు. అప్పటి నుంచి నాతోపాటు దానికీ బదిలీలే. హిమాచల్‌లోని చంబా చలి చూసింది, రాజస్థాన్‌లోని బార్మేర్ ఇసుక తిన్నది. 2025 జూన్‌లో నాతోపాటే ఛత్తీస్‌గఢ్ చేరింది.

ఇక్కడ క్వార్టర్ ఖాళీ అయ్యేదాకా మందిర్ హసౌద్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. రాయపూర్ నుంచి మహాసముంద్ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్న ఊరు ఇది. రాత్రీ పగలూ లారీలు, ట్యాంకర్లు. సామాను దించిన రోజు మా ఆవిడ ఆ రొదకు తల పట్టుకుంది. నాకు మాత్రం ఊళ్లో ఉన్న చిన్న రైల్వే స్టేషన్ చూడగానే ప్రాణం లేచి వచ్చింది. ఆ పట్టాలు మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా పార్వతీపురం, బొబ్బిలి దాటి విజయనగరం చేరతాయి. 1931లో పూర్తయిన లైను అది. విశాఖ వైపు వెళ్లే రైలు కూత వినబడితే, మాది తెనాలి దగ్గర పల్లె అయినా, ఇంటి గుమ్మం ఇక్కడికి దగ్గరే అనిపించేది.

ఆ కంప్యూటర్‌లో నా తొమ్మిదేళ్ల పని ఉంది. మన విద్యాలయాల్లో తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు హిందీ ప్రాంతం నుంచి ఇతర భాషల ప్రాంతానికి, అక్కడి వాళ్లు ఇక్కడికి ఒక ఏడాది చదువుకోవడానికి వెళ్తారు. మనం మైగ్రేషన్ అంటాం. అలా తెలుగు జిల్లాల నుంచి వచ్చిన ప్రతి బ్యాచి చేతా వాళ్ల ఊరి కథలు, అమ్మమ్మలు చెప్పిన పొడుపు కథలు, పొలం మాటలు, వంటింటి మాటలు చెప్పించి రికార్డు చేస్తుంటాను. తెలుగు నేర్చుకున్న హిందీ పిల్లల గొంతులు కూడా అందులో ఉన్నాయి. వేరే చోట నకలు పెట్టుకోలేదు. అది నా తప్పు.

మందిర్ హసౌద్ వచ్చాక ఆ కంప్యూటర్ పేచీ మొదలుపెట్టింది. ఏదైనా రికార్డింగును శుభ్రం చేయడానికి పెడితే పది నిమిషాలు నడిచి, గాలి రొద పెంచి, టప్పున ఆరిపోయేది. తమ్ముడికి ఫోన్ చేస్తే, "రేడియేటర్ రెక్కల్లో దుమ్ము పట్టి ఉంటుంది. ఫ్యాన్లు విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించు. నాలుగు స్క్రూలకు ఒక ఫ్యాను, అంతే" అన్నాడు.

దాని పని తీరు ఇదీ. కంప్యూటర్‌లో లెక్కలు చేసే ప్రాసెసర్ చిన్న బిస్కెట్టంత ఉంటుంది. వేడెక్కితే మాత్రం చెయ్యి పెట్టలేం. దాని మీద ఒక లోహపు పలక, ఆ పలకను తాకుతూ నీరు. చిన్న పంపు ఆ నీటిని రబ్బరు గొట్టంలోంచి రేడియేటర్‌కు తోస్తుంది. రేడియేటర్‌లో సన్నని చదును గొట్టాలు, వాటి మధ్య కాగితం మడతల్లా అల్యూమినియం రెక్కలు ఉంటాయి. నీటిలోని వేడి ఆ రెక్కలకు చేరుతుంది. రెక్కల గుండా ఫ్యాన్లు గాలి పంపితే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది, చల్లబడ్డ నీరు మళ్లీ ప్రాసెసర్ దగ్గరకు వెళ్తుంది. నీరు వేడిని మోసుకెళ్తుందే గానీ పోగొట్టదు. దాన్ని బయటికి సాగనంపేది గాలి. ఆ గాలి కూడా గదిలో ఉన్న వేడి కంటే కిందికి నీటిని దించలేదు.

మా రేడియేటర్ 240 మిల్లీమీటర్ల రకం. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు పక్కపక్కనే పడతాయి. విప్పి చూస్తే బార్మేర్ ఎడారి అంతా అందులోనే ఉంది. పాత టూత్ బ్రష్‌తో, మెత్తని పెయింటు కుంచెతో రెండు గంటలు తుడిచాను. ఇక బిగించే వేళ నా బుర్రకు ఒక ఆలోచన తట్టింది. రెండు ఫ్యాన్లున్నాయి కదా, ఒకటి చల్లగాలిని లోపలికి తెస్తే, రెండోది వేడిగాలిని బయటికి పంపాలి. ఇంట్లో కిటికీ ఒకటి, వెంటిలేటర్ ఒకటి ఉన్నట్టు. అలా కింది ఫ్యాను లోపలికి, పైది బయటికి ఉండేలా బిగించాను. సామాను సర్దడంలో ఎనిమిది స్క్రూల్లో రెండు పోయాయి. కింద నాలుగు, పైన రెండు పెట్టి ముగించాను. కంప్యూటర్‌ను గోడలో ఉన్న గూట్లో అమర్చి, మీట నొక్కాను.

ఎనిమిది నిమిషాలకే ఆరిపోయింది. శుభ్రం చేయక ముందే నయం.

అదే జూలైలో సాలూరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి సంగతి నన్ను ఇంతకన్నా ఎక్కువగా కలవరపెడుతోంది. మైగ్రేషన్ పిల్లలందరూ వారం రోజుల్లో కలిసిపోయారు గానీ అతను కలవలేదు. తరగతిలో నోరు విప్పడు. మెస్‌లో రెండు రొట్టెలు తిని లేస్తాడు. సాయంత్రం ఆటల వేళ గేటు దగ్గర నిలబడి రోడ్డు మీద లారీలు చూస్తాడు. నేను రోజూ చెప్పే మాట ఒకటే: "ఏడాదే కదరా. ఇదీ మన ఊరే అనుకో. మనసు ఇక్కడ పెట్టు." తల ఊపేవాడు. ఒక గురువారం వాళ్ల నాన్న ఫోన్ చేశారు. "మాస్టారూ, బుర్రోడు ఉండలేనంటున్నాడండి. వచ్చే బుధవారం వచ్చి తీసుకెళ్లిపోతానండి" అన్నారు. మధ్యలో వెళ్లిపోతే చదువు ఎంత దెబ్బ తింటుందో ఆయనకు చెప్పాను. ఆయన విన్నారు గానీ మెత్తబడలేదు.

ఆ ఆదివారం ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకుని తెలుగు పిల్లలు నలుగురినీ భోజనానికి ఇంటికి తీసుకొచ్చాను. మా ఆవిడ ముద్దపప్పు, గోంగూర, పులిహోర చేసింది. తెనాలి నుంచి అమ్మ పంపిన ఆవకాయ ఉండనే ఉంది. సాలూరు అబ్బాయి మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. భోజనాలయ్యాక మిగిలిన ముగ్గురూ మా పాపతో క్యారమ్స్ ఆడుతుంటే, ఇతను గూట్లో పక్క తలుపు తీసి ఉన్న కంప్యూటర్ ముందు గొంతుకు కూర్చున్నాడు.

"ఏటి సార్ ఇది, రేడియేటరా?" అన్నాడు. వాడంతట వాడు నాతో మాట్లాడిన మొదటి మాట అది.

అప్పుడు తెలిసింది, వాళ్ల నాన్నది రేడియేటర్లు బాగుచేసే షెడ్డు. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. అక్కడి నుంచి ఘాటీ ఎక్కి కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ దాకా బళ్లు నడుస్తాయి. గేటు దగ్గర నిలబడి ఇతను వెతుకుతున్నది తన ఊరి బండిని.

నా తిప్పలు చెప్పాను. ఆన్ చేయమన్నాడు. దేవుడి గూట్లోంచి ఒక అగరుబత్తి అడిగి వెలిగించి, రేడియేటర్ ముందు పట్టుకున్నాడు. కింది ఫ్యాను దగ్గర పొగ సూటిగా లోపలికి పోయింది. పైకి జరిపితే పొగ చెదిరి మొహం మీదికి కొట్టింది. అది అక్కడే ఆగలేదు. గూటి గోడకు తగిలి వంగి, కిందికి దిగి, కింది ఫ్యానులోకే దూరింది. అంటే పైది కక్కిన వేడిగాలినే కిందిది మింగుతోంది.

వాడు నవ్వాపుకోలేకపోయాడు. "ఒకటి లోనికి తోస్తంది, ఇంకోటి బయటికి తోస్తంది సార్. మీరు మొన్న చెప్పినారు కదా, ఎద్దు ఎండకి లాగితే దున్న నీడకి లాగుద్దని!"

ఆ వారమే తరగతిలో సామెతల పాఠం చెప్పాను. ఒక నాగలికి ఎద్దునూ దున్ననూ కడితే ఎద్దు ఎండను ఓర్చుకుని ముందుకు పోతుంది, దున్న చెట్టు నీడ కోసం పక్కకు లాగుతుంది, చాలు సాగదు అని వివరించాను. వాడు వింటున్నాడని కూడా నాకు తెలియదు.

తర్వాత ఆ గంటసేపు వాడు గురువు, నేను శిష్యుణ్ణి. ఫ్యాను పక్క అంచు మీద రెండు చిన్న బాణం గుర్తులు చూపించాడు. ఒకటి రెక్కలు తిరిగే వైపు, ఒకటి గాలి పోయే వైపు. బాణాలు లేని ఫ్యానుకైతే రెక్కలు తెరిచి కనబడే వైపు నుంచి గాలి లోపలికి వస్తుంది. మోటారును పట్టుకునే నాలుగు ప్లాస్టిక్ కాళ్లున్న వైపు నుంచి బయటికి పోతుంది. లారీలో ఫ్యాను రేడియేటర్ వెనక ఉండి గాలిని లాగుతుంది, ఇక్కడ ముందుండి తోస్తోంది. లాగినా తోసినా పరవాలేదు, రెండూ ఒకే వైపు పోవాలి, అదీ వాడి సూత్రం.

పై ఫ్యాను విప్పి తిప్పాం. పోయిన రెండింటి బదులు బజారులో కొన్న పొడుగు స్క్రూలు నేను తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. స్కేలు పెట్టి కొలిచాడు. ఫ్యాను మందం 25 మిల్లీమీటర్లు, అసలు స్క్రూ 30. అంటే రేడియేటర్‌లోకి దిగాల్సింది 5 మాత్రమే. నేను కొన్నవి 40. అవి బిగిస్తే మొన నేరుగా నీటి గొట్టంలోకి దిగేది. "రాగి, ఇత్తడి అయితే మా నాన్న టంకం పెట్టీగలడు సార్. అల్యూమినియం అయితే పారీడమే." నాకు ఒళ్లు ఝల్లుమంది. నీరు కారేది కరెంటు మీదికి, నా పిల్లల గొంతుల మీదికి.

"మరి రెండు తక్కువున్నాయి కదరా?"

"ఆరున్నాయి కదా సార్. ఫ్యానుకి మూడు చాలు."

తొమ్మిదేళ్లుగా పిల్లలకు లెక్క చెప్పకపోతే ఇలాగే ఉంటుంది. లారీ చక్రం నట్లు బిగించినట్టు ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం, మళ్లీ మొదటి మూల, అలా కొద్దికొద్దిగా తిప్పాడు. ఒకటే మూల గట్టిగా బిగిస్తే రెండోవైపు సందు వస్తుందట. ఆ సందులోంచి గాలి రెక్కల్లోకి పోకుండా పక్కకు జారిపోతుందట. స్క్రూ లేని మూలల్లో సందు మూయడానికి ప్యాకింగ్ స్పాంజి ముక్కలు దోపాడు. లారీ రేడియేటర్ చుట్టూ ప్లాస్టిక్ గూడు పెట్టేది కూడా అందుకేనని చెప్పాడు. చివరికి కంప్యూటర్‌ను గోడ గూట్లోంచి తీసి బల్ల మీద పెట్టించాడు.

అగరుబత్తి మళ్లీ వెలిగించాం. కిందా పైనా పొగ గీత గీసినట్టు లోపలికే పోయింది. పక్కన చెయ్యి పెడితే వెచ్చటి గాలి అటువైపు నుంచి బయటికి వస్తోంది. పొడుగాటి రికార్డింగు ఒకటి పనికి పెట్టాను. పది నిమిషాలు, ఇరవై, అరగంట. ఇంతకు ముందు 100 డిగ్రీల దాకా ఎక్కి ఆరిపోయేది, ఇప్పుడు 70 దగ్గర ఆగింది.

అందరం చప్పట్లు కొట్టాం. ఆ సందడిలో తెర మీద వెనక తెరిచి ఉన్న కాగితం ఒకటి ముందుకొచ్చింది. నేను మూసేలోగా వాడు చదివేశాడు. తల్లి అనారోగ్యం దృష్ట్యా సొంత రాష్ట్రానికి బదిలీ చేయవలసిందిగా నేను రాసుకున్న వినతిపత్రం అది. సోమవారం ఆఫీసులో ఇద్దామని పెట్టుకున్నాను. ఈ ఊరొచ్చి అప్పటికి నెలన్నర కూడా కాలేదు.

"మీరూ ఎల్లిపోతారా సార్?"

ఏం చెప్పాలి? మనసు ఇక్కడ పెట్టమని రోజూ చెప్పే నా మనసు బొబ్బిలి వైపు పోయే రైలు కూత దగ్గర ఉంది. వాణ్ణి లోపలికి తోస్తూ, నేను బయటికి తోసుకుంటున్నాను. నా మాటలు వాడికి ఎందుకు చల్లగా తగల్లేదో అప్పుడు అర్థమైంది. పిల్లలు మనం చెప్పేదాని కంటే, మన గాలి ఎటు వీస్తోందో ముందు పసిగడతారు.

అబద్ధం చెప్పలేకపోయాను. "నాకూ ఇంటికి వెళ్లాలనే ఉందిరా. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఒక్కతే ఉంటుంది. మా పాపకు ఇది మూడో బడి. నీకు చెప్పే మాట నేనే చేయడం లేదు" అన్నాను.

వాడు చాలాసేపు తల వంచుకుని స్క్రూడ్రైవర్ తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, "మా నాయినమ్మకీ మోకాళ్ల నొప్పులే సార్" అన్నాడు. అంతే. ఆ తర్వాత గంటసేపు ఇద్దరం ఇళ్ల సంగతులు చెప్పుకున్నాం. వాళ్ల షెడ్డులో వాడే మాటలన్నీ చెప్పమని రికార్డు చేశాను. రెక్కలు వంగితే దువ్వెనలాంటి పనిముట్టుతో దువ్వడం, నీటి తొట్టెలో ముంచి గాలి పంపి బుడగలు ఎక్కడ వస్తే అక్కడ చిల్లు అని పట్టడం, అన్నీ చెప్పాడు. ఆ ఫైలు నిడివి నలభై రెండు నిమిషాలు. తరగతిలో నెలంతా కలిపి వాడు అన్ని మాటలు మాట్లాడలేదు.

రాత్రి మా ఆవిడతో మాట్లాడాను. ఈ ఏడాదికి వినతిపత్రం ఇవ్వకూడదని అనుకున్నాం. అమ్మకు ఫోన్‌లో చెబితే, "నీ ఇష్టం నాయనా" అని పెట్టేసింది. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. మంచి పని చేశానని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు.

బుధవారం ఆ అబ్బాయి నాన్న బొబ్బిలిలో రైలెక్కి వచ్చారు. స్టేషన్ నుంచి ముందు మా ఇంటికే తీసుకొచ్చాను. కొడుకు బిగించిన రేడియేటర్ ముందు కూర్చుని, అరచేతి వెనక వైపు గాలికి పెట్టి చూశారు. "కోర్ బాగానే ఉంది మాస్టారూ" అన్నారు. ఆ తర్వాత విద్యాలయంలో తండ్రీకొడుకులు చెట్టు కింద చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం అనుకున్నారో నేను అడగలేదు. సాయంత్రం ఆయన ఒక్కరే తిరిగి వెళ్లారు. "పరీచ్చలు అయ్యాక వస్తానన్నాడండి. మాస్టారు కూడా ఉంటారు కదా అన్నాడండి" అని నాతో చెప్పారు. రైలు కదిలేదాకా నేను తల ఎత్తలేకపోయాను.

పిల్లలూ, మన పక్కనే నవా రాయపూర్ ఉంది కదా. అక్కడ సెక్టార్ 22లో కృత్రిమ మేధ కోసం పెద్ద డేటా సెంటర్ పార్కుకు 2025 మే నెలలో ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ గారు శంకుస్థాపన చేశారు. అలాంటి చోట వేల కంప్యూటర్లు ఒకే కప్పు కింద పని చేస్తాయి. వాటి వేడిని బయటికి పంపడం ఇంజనీర్లకు పెద్ద పని. మీలో కొందరు రేపు అక్కడ పని చేయవచ్చు. యంత్రాలు ఎంత పెద్దవైనా సూత్రం మాత్రం ఆ ఆదివారం అగరుబత్తి పొగలో మేం చూసిందే: చల్లగాలి ఒక వైపు నుంచి రావాలి, వేడిగాలి మరో వైపు నుంచి పోవాలి, రెండూ కలవకూడదు.

ఇప్పుడు మార్చి. ఎండలు ముదురుతున్నాయి. ఆ అబ్బాయి పరీక్షలు రాస్తున్నాడు. హిందీలో పోట్లాడటం కూడా వచ్చేసింది. వచ్చే నెల బ్యాచి అంతా ఇళ్లకు బయలుదేరుతారు. రికార్డింగులన్నిటికీ నకలు తీసి రెండు చోట్ల దాచాను. నా వినతిపత్రం మళ్లీ తెరిచాను. ఈసారి ఇస్తాను, అమ్మ కోసం ఇవ్వాలి. అయితే వాళ్లను రైలెక్కించాకే ఇస్తాను. ఆ సంగతి ఆ అబ్బాయికి ముందే చెప్పాను. "అయితే కంప్యూటర్ సర్దినప్పుడు ఆ ఆరు స్క్రూలూ ఒక సంచీలో కట్టి దానికే తగిలించండి సార్" అన్నాడు.

పోయిన రెండు స్క్రూలు మాత్రం ఇప్పటికీ దొరకలేదు.